నల్ల పెట్టె మూలుగు

అలెగ్జాండ్రియా,
అక్టోబరు 3, 1999.

ప్రియమైన నాన్నకు,

మీ చెవులు ఎలా ఉన్నాయని అడగను. అడిగితే "చెవులకేం, ఉన్నచోటే ఉన్నాయి, పని చెయ్యటం మానేశాయంతే" అంటారు. మోకాళ్లు ఎలా ఉన్నాయి? వర్క్‌షాపు మెట్టు ఎక్కేటప్పుడు గోడ పట్టుకుంటున్నారా, లేక పక్కింటి మందుల షాపాయన చూస్తాడని పట్టుకోవటం లేదా?

ఇక్కడ మా ఇంట్లో ఒక ఉపద్రవం వచ్చి పడింది. మీ అల్లుడు వగీహ్ కువైట్ నుంచి వచ్చేసిన స్నేహితుడి దగ్గర సౌండ్ సిస్టం కొన్నాడు. వెండిరంగు రిసీవర్ ఒకటి, అరచేతిలో పట్టేంత స్పీకర్లు ఐదు, వాటన్నిటికీ తాతలాంటి నల్ల పెట్టె ఒకటి. దాన్ని సబ్‌వూఫర్ అంటారట. పాటలో లోతుగా వచ్చే శబ్దాలన్నీ అదే పలుకుతుందట. దాన్ని ఐదంతస్తులు మోసుకొచ్చిన మా వాచ్‌మన్ అమ్ ఇద్రీస్ గుమ్మంలో కూలబడి "ఏంటమ్మా, ఇందులో ఎవర్నైనా దాచారా?" అని అడిగాడు. అతిథులొస్తే తప్ప తలుపు తియ్యని మా ముందుగది సలోన్‌లో, దుప్పట్లు కప్పిన బంగారు పూత కుర్చీల మధ్య పెట్టాం.

సంగతేంటంటే, చిన్నవి ఐదూ వాగుతున్నాయి. పెద్దది నోరు విప్పటం లేదు. ముందు వైపు ఎర్ర దీపం వెలుగుతుంది, అంతే. వగీహ్ ముందు బొత్తాలన్నీ తిప్పాడు, తర్వాత పెట్టెని తిట్టాడు, ఆ తర్వాత నామీద పడ్డాడు. "నువ్వు ఉస్తా షౌఖీ కూతురివి, అంత పెద్ద మేస్త్రీ కూతురివి. పోర్ట్ సయీద్‌లో సగం రేడియోలు బాగుచేసిన మనిషి రక్తం. దీన్ని చూడలేవా?" అన్నాడు. పదిహేడో ఏట నుంచి స్క్రూడ్రైవర్ పట్టలేదని చెప్పాను. ఎందుకని ఎప్పటిలాగే అడిగాడు. ఎప్పటిలాగే నేను వంటింట్లోకి వెళ్లిపోయాను.

నెలాఖరు శుక్రవారం పెద్ద మ్యాచ్ ఉంది. గోల్ పడితే బిల్డింగ్ అదిరిపోతుందని గిడ్డంగిలో తనతో పనిచేసేవాళ్లందరినీ పిలిచేశాడు. మీరే కాపాడాలి. మా వీధిలో గుంతలు తవ్వి టెలిఫోను తీగలు తెంపేశారు, నెలైంది. ఫోనున్నా మీకు వినపడదు కాబట్టి మనకి ఉత్తరమే గతి.

మీ
సౌసన్


పోర్ట్ సయీద్,
అక్టోబరు 8.

ప్రియమైన సౌసన్, నా కంటి వెలుగా,

మోకాళ్ల సంగతి తర్వాత. గోడ పట్టుకోవటం లేదు.

మీ ఆయన బొత్తాలు తిప్పితే రోగం కుదురుతుందనుకునే జాతి. అలాంటివాళ్ల వల్లే నలభై ఏళ్లుగా నాకు అన్నం దొరుకుతోంది, కాబట్టి తిట్టను. నువ్వే చెయ్యి. అతన్ని టీ పెట్టమను.

ముందు రిసీవర్‌ని వెనక్కి తిప్పు. చిన్న స్పీకర్లకి రెండేసి పోగుల వైరు ఉంటుంది. నల్ల పెట్టెది వేరు. దాని వైరు ఒక్కటే, లావుగా, కొసన మేకులాంటి ముక్కుతో ఉంటుంది. దానికి రిసీవర్ వెనక ఒకే ఒక్క రంధ్రం, మీద దాని పేరే రాసి ఉంటుంది. మీ ఆయన దాన్ని క్యాసెట్ ప్లేయర్ రంధ్రంలో పెట్టి ఉంటాడు, చూడు. ఎర్ర దీపమంటే అది నిద్రపోతోందని. పెట్టె వెనక చిన్న స్విచ్చి ఉంటుంది, దాన్ని ఎప్పుడూ మేలుకుని ఉండేలా పెట్టు. గొంతు పెంచే బొత్తాం సగానికి తిప్పు. ఎంత లోతు శబ్దాలు తను తీసుకోవాలో చెప్పే ఇంకో బొత్తాం ఉంటుంది, దాన్ని చివరిదాకా తిప్పి వదిలెయ్, ఆ పంపకం రిసీవర్ చూసుకుంటుంది.

అయినా పలకకపోతే టీవీ తెర మీద రిసీవర్ పట్టిక తెరువు. సబ్‌వూఫర్ ఉందా అన్నచోట లేదని ఉంటుంది. ఉందని మార్చు. చిన్న స్పీకర్లని ఎవడో పెద్దవని రాసి ఉంటాడు. అలా రాస్తే బరువంతా తామే మొయ్యాలనుకుంటాయి, పాపం నల్ల పెట్టెకి ఏమీ మిగలదు. వాటిని చిన్నవని ఒప్పించు.

పరీక్ష చేసేటప్పుడు చెవి పెట్టకు. పెట్టె మీద అరచెయ్యి ఆనించు. పనిచేస్తుంటే చేతికి తెలుస్తుంది. ఈ మధ్య నేను అన్నిటినీ అలాగే వింటున్నాను. చెవి పోయింది కానీ చెయ్యి పోలేదు.

ఇంకోమాట, కోపం తెచ్చుకోకు. పదిహేడేళ్లకే నీ సోల్డరింగ్ నా దానికన్నా శుభ్రంగా ఉండేది. షాపుకొచ్చినవాళ్లు నన్ను దాటి నీ దగ్గరికి వెళ్లేవాళ్లు, నేను లోపల పొంగిపోతూ పైకి కసిరేవాణ్ణి. మీ అమ్మ పోయిన వారానికి లేచి వెళ్లిపోయావు, మళ్లీ ఆ కుర్చీ వైపు చూడలేదు. పదిహేనేళ్లు ఆలోచించాను, నాకు తెలియలేదు. నీ బల్ల అలాగే ఉంది. దాని మీద నేను టీ గ్లాసు కూడా పెట్టను.

నీ
నాన్న


అలెగ్జాండ్రియా,
అక్టోబరు 15.

ప్రియమైన నాన్నకు,

పలికింది!

వైరు క్యాసెట్ ప్లేయర్ రంధ్రంలోనే ఉంది. "నేను కాదు, కువైట్‌లోనే అలా పెట్టారు" అంటున్నాడు మీ అల్లుడు. పట్టికలో కూడా మీరు చెప్పినట్టే ఉంది. చిన్నవాటిని చిన్నవని ఒప్పించిన మరుక్షణం నల్ల పెట్టె గొంతు విప్పింది. సలోన్‌లో దీపాల గుత్తి గలగలమంది. కింద నాలుగో అంతస్తు మదామ్ ఫిర్యాల్ తొంభై రెండులో వచ్చిన భూకంపం మళ్లీ వచ్చిందనుకుని, ఒక కాలికి చెప్పు, చేతిలో నగల సంచితో వీధిలోకి పరిగెత్తింది. నిజం తెలిశాక పైకొచ్చి మమ్మల్ని దులిపేసింది. "మీ పెట్టె మొహం మీద మన్నుపడ, నేను మా ఆయన ఫోటో కూడా వదిలేసి పరిగెత్తానే!" అని ఏడ్చినంత పని చేసింది. బాస్‌బూసా మిఠాయి పెట్టి శాంతింపజేశాం.

ఇప్పుడు ఇంకో తంటా. పాట ఉన్నా లేకపోయినా నల్ల పెట్టె మూలుగుతోంది. ప్లగ్గు పెట్టిన క్షణం నుంచి తీసేదాకా ఒకటే ఊఁ. కడుపునొప్పి వచ్చిన గేదెని సలోన్‌లో కట్టేసినట్టుంది. మీరు నేర్పినట్టే ఒక్కో వైరూ పీకి చూశాను. చిన్న స్పీకర్లు తీసినా మూలిగింది. క్యాసెట్ ప్లేయర్ తీసినా మూలిగింది. డిష్ వైరు విప్పగానే టక్కున ఆగింది. మళ్లీ బిగించగానే మళ్లీ మొదలు. మా మేడ మీద బిల్డింగ్ అంతటికీ ఒకటే డిష్, మీకు తెలుసుగా. దాని కేబుల్ పైనుంచి ఒక్కో ఇంట్లోకీ కొమ్మలు వేసుకుంటూ కింది దాకా దిగుతుంది.

వెనక పేజీ కూడా చదవండి నాన్నా.

నిన్న రిసీవర్ వెనక దుమ్ము తుడుస్తుంటే డిష్ వైరు చివరి ఇత్తడి ముక్క నన్ను కొరికింది. కాళ్లకి రబ్బరు చెప్పులుండబట్టి సరిపోయింది. వింత ఏంటంటే, నల్ల పెట్టె ప్లగ్గు గోడలో ఉన్నంతసేపూ అది కొరకదు, పెట్టె మూలుగుతుంది. ప్లగ్గు తీస్తే మూలుగు ఉండదు, వైరు కొరుకుతుంది. రెండుసార్లు చూశాను. ఎందుకలా? మీరు చెప్పాలి. తొందర లేదు, ఆలోచించి చెప్పండి.

మీ
సౌసన్


పోర్ట్ సయీద్,
అక్టోబరు 20.

ప్రియమైన సౌసన్,

మూలుగు! దానికింత ఉత్తరమా? పిచ్చిపిల్లా, ఒక్క నిమిషం పని.

నల్ల పెట్టెకి ఒక ఎర్తు ఉంది, డిష్‌కి ఇంకో ఎర్తు ఉంది. రెండు ఎర్తులున్నచోట రెండు కాపురాలున్నట్టే, పోట్లాట తప్పదు. అదే ఆ మూలుగు. ఒకటి తెంపెయ్. నల్ల పెట్టె ప్లగ్గుకి రెండు పక్కలా సన్నటి రాగి రేకులుంటాయి, అవే ఎర్తు. వాటి మీద నల్ల టేపు మూడు చుట్లు గట్టిగా చుట్టి మళ్లీ గోడలో పెట్టు. నిశ్శబ్దం. నీకు గుర్తులేదా? నీకు ఆరేళ్లప్పుడు టేపు చింపి నా చేతికిచ్చేదానివి.

ఈ ఊళ్లో మూలుగంటే జనం చెప్పేది నా పేరే. అరబ్ వీధిలో, ఫ్రెంచి పేటలో, చేపల బజారు వెనక, కనీసం మూడు వందల ఇళ్లలో నా టేపు ఉంటుంది. టేపు వేశాక మూలుగుతోందని తిరిగొచ్చినవాడు ఒక్కడూ లేడు.

షాపులో మనిషి నిలబడి గోల చేస్తున్నాడు, పెదాలు చూస్తే తెలుస్తోంది. నీ మిగతా కబుర్లు తీరిగ్గా చదువుతాను. మ్యాచ్ బాగా చూడండి.

నీ
నాన్న


పోర్ట్ సయీద్,
నవంబరు 2.

ప్రియమైన సౌసన్,

మ్యాచ్ అయిపోయి నాలుగు రోజులైంది. నువ్వు రాయలేదు. మీ ఆయన గొప్పలు చెప్పుకోవటానికైనా రెండు ముక్కలు రాస్తాడనుకున్నాను.

మూలుగు పోయిందా? పోయే ఉంటుంది. బల్ల సంగతి రాశానని అలిగావా? అలిగితే అలిగానని రాయి. చెవిటివాడికి అవతలివాళ్లు ఊరుకున్నారో, మాట్లాడుతుంటే తనకే వినపడటం లేదో తెలియదు. ఉత్తరం రాకపోతే మరీ తెలియదు.

నీ
నాన్న


టెలిగ్రాం
పోర్ట్ సయీద్, నవంబరు 9

ప్లగ్గు టేపు వెంటనే తియ్యి. డిష్ వైరు ఎవరూ ముట్టవద్దు. బిల్డింగ్ అందరికీ చెప్పు. వాన వస్తోంది. బతికున్నట్టు జవాబివ్వు.
నాన్న


టెలిగ్రాం
అలెగ్జాండ్రియా, నవంబరు 10

టేపు వెయ్యలేదు. అందరం క్షేమం. మీరు రావద్దు. ఏం గుర్తొచ్చిందో ముందు మీరు రాయండి.
సౌసన్


పోర్ట్ సయీద్,
నవంబరు 12.

ప్రియమైన సౌసన్,

నీ టెలిగ్రాం మందుల షాపాయన చేతికిచ్చి గట్టిగా చదవమన్నాను. వినపడదని తెలిసి కూడా చదవమన్నాను. అతని పెదాల మీద 'క్షేమం' చూశాక అతని షాపు మెట్టు మీద కూర్చుండిపోయాను. నాకు నీళ్లు తాగించారు.

ఏం గుర్తొచ్చిందని అడిగావు. రాస్తున్నాను.

ఉత్తరం వస్తే షాపులో నిలబడే చదువుతాను. జబ్బు ఏంటో దొరికేదాకా చదివి, మందు రాసి పడేస్తాను. చెవులు పోయాక కళ్లతో వినటం నేర్చుకున్నానని గొప్పలు చెప్పుకుంటాను కదా, కళ్లతో కూడా సగమే వింటున్నాను. నువ్వు రాయకపోయేసరికి దిగులు పుట్టి, తొమ్మిదో తారీఖున నీ పాత ఉత్తరాలు తీశాను. మరమేకుల డబ్బా కింద దొరికాయి. వెనక పేజీ కూడా చదవండి అని రాశావు. తిప్పాను.

'కొరికింది'.

అందరూ షాక్ కొట్టిందంటారు. కొరికింది అనే మనిషి ఈ లోకంలో మీ అమ్మ ఇన్షిరాహ్ ఒక్కతే. ఆ మాట చూడగానే ఆవిడ తడి బట్టల గంపతో గుమ్మంలో నిలబడి ఉన్నట్టు కనబడింది. "షౌఖీ, మేడ మీద తీగ కొరుకుతోందయ్యా" అంది. ఆంప్లిఫయర్ విప్పుకుని కూర్చున్నాను. తల ఎత్తలేదు. "చీమ కుట్టి ఉంటుంది, పో" అన్నాను. పోవటానికి నాలుగు రోజుల ముందు.

సౌసన్, ముప్ఫై సెకన్లు పట్టింది నాకు. నలభై ఏళ్ల ఉస్తాని, ముప్ఫై సెకన్లలో నీ వెనక పేజీ మొత్తం అర్థమైంది. మీ మేడ మీద ఎక్కడో కరెంటు డిష్ స్తంభంలోకి కారుతోంది. ఆ కరెంటు కేబుల్ వెంట దిగి, రిసీవర్ గుండా, మేకు ముక్కు వైరు గుండా నల్ల పెట్టెలోకి వచ్చి, దాని ఎర్తు గుండా భూమిలోకి పోతోంది. అందుకే మూలుగు. ఆ మూలుగే మిమ్మల్ని కాపాడుతోంది. నేను దాన్నే చంపమని రాశాను. టేపు వేస్తే పోవటానికి దారి లేక ఐదంతస్తుల్లో ప్రతి టీవీ వెనకా కాచుక్కూర్చునేది. రేపో మాపో మీకు ఏటా నవంబరులో ఊరంతా ఊడ్చేసే ఆ చీపురు గాలివాన వస్తుంది. తడి మేడ. ఎవరైనా ఆ స్తంభం పట్టుకుంటే!

ఆ వెంటనే మన మేడ గుర్తొచ్చింది. మన ఏంటెన్నా స్తంభం. దానికి ముడేసిన ఇనప దండెం తీగ, నేనే ముడేశాను. ఏంటెన్నా వైరు దిగి నా ఆంప్లిఫయర్‌లోకి వచ్చేది. ఆ ఆంప్లిఫయర్ ప్లగ్గుకి నేను టేపు వేశాను. మెట్ల కింద రాగి కడ్డీ పాతి చేతులారా ఎర్తు చేసుకుని, మూలుగుతోందని దానికే టేపు వేశాను. జనవరిలో వాన వెలిసిన పొద్దున, బట్టలు ఆరేస్తూ మీ అమ్మ పడిపోయింది. గుండె ఆగిందని డాక్టరు రాశాడు. నలభై ఒక్క ఏళ్ల మనిషికి గుండెజబ్బు అప్పటిదాకా ఎవరూ చూడలేదు. నేను నమ్మాను.

రెండు రోజులు అన్నం ముట్టలేదు. నిన్న అటక ఎక్కాను. ఆ ఆంప్లిఫయర్ పదిహేనేళ్లుగా అక్కడే ఉంది. మీ అమ్మ పోయాక ఖురాన్ పారాయణం రోజుల్లో మూలుగుతోందని, కండెన్సర్ పోయిందని, తీసి అటక మీద పడేశాను కదా, మళ్లీ ముట్టలేదు. సంచి విప్పి ప్లగ్గు చూశాను.

టేపు లేదు, తల్లీ! రాగి రేకులు శుభ్రంగా ఉన్నాయి. జిగురు మరక కూడా లేదు. పది సార్లు చూశాను. అద్దం పెట్టి చూశాను. అంటే దానికి నేను వెయ్యలేదు. వేశానని అనుకున్నాను కానీ వెయ్యలేదు. ఎర్తు ఉంది కాబట్టి మీ అమ్మ గుండె వల్లే పోయింది. నేను చంపలేదు. అలాగే కదా?

ఊళ్లో ప్రతి ఇంటి తలుపూ కొట్టి నా టేపులన్నీ తీసెయ్యాలని ఆ రెండు రోజులూ అనుకున్నాను. నాకు చెవులు లేవు, మోకాళ్లు లేవు, వెళ్లి ఏమని చెప్పను? ప్లగ్గు చూశాక కాస్త ఊపిరి ఆడింది. ఇన్నేళ్లూ ఎవరికీ ఏమీ కాలేదుగా. మీ బిల్డింగ్‌ది వేరే సంగతి, ఎక్కడో కరెంటు కారబట్టి. ఊళ్లోవాళ్లని కంగారు పెట్టటం దేనికి?

నువ్వు ఆ బల్ల దగ్గర పెరిగినదానివి. నీకు తెలుసు. దానికి టేపు లేదని నీక్కూడా గుర్తుందని ఒక్క మాట రాయి. ఇంకేం వద్దు.

నీ
నాన్న


అలెగ్జాండ్రియా,
నవంబరు 18.

ప్రియమైన నాన్నకు,

మూడు ఉత్తరాలు రాసి చింపేశాను. "అవును నాన్నా, టేపు లేదు" అని రాసిన మొదటిది కవర్లో పెట్టి, బిళ్ల కూడా అంటించాను. పోస్టు డబ్బా దాకా వెళ్లి వెనక్కొచ్చాను.

టేపు తీసింది నేను.

కూర్చున్నారా? కూర్చుని చదవండి. ఈసారి వెనక పేజీ కూడా.

అమ్మకి స్నానం చేయించిన ఆడవాళ్లలో నేనూ ఉన్నాను. పదిహేడేళ్ల పిల్ల వద్దని పిన్ని అంది, నేను వినలేదు. కుడి చెయ్యి నేనే కడిగాను. పిడికిలి బిగుసుకుపోయి ఉంది. గోరువెచ్చని నీళ్లు పోసి ఒక్కో వేలూ విప్పాను. అరచేతికి అడ్డంగా ఒక నల్లటి గీత ఉంది, దండెం తీగంత సన్నంగా. మసేమో అనుకుని సబ్బు రుద్దాను. రుద్దితే పోయేది కాదని నా చేతికి తెలిసింది. పిన్ని కూడా చూసింది, నా వైపు చూసింది, చెయ్యి తెల్లగుడ్డలో చుట్టేసింది. మగవాళ్లెవరూ చూడలేదు. మీరు బయట డేరాలో కుర్చీలు వేయిస్తున్నారు.

మిమ్మల్ని సమాధి దగ్గరి నుంచి తీసుకొచ్చేలోపు మేడెక్కాను. మీరు చెప్పేవారు కదా, అనుమానం ఉన్న తీగని ఎప్పుడూ చేతి వెనక భాగంతో ముట్టాలి, లోపలి భాగంతో ముడితే చెయ్యి ముడుచుకుని వదలదని. అలాగే ముట్టాను. కొరికింది. కిందికొచ్చి ఆంప్లిఫయర్ ప్లగ్గు లాగాను, టేపు మూడు చుట్లు. ఊడదీసి, స్పిరిట్‌తో రాగి రేకులు తుడిచి, మళ్లీ గోడలో పెట్టాను. అప్పుడే మూలుగు మొదలైంది. జిగురు మరక ఎందుకు లేదో ఇప్పుడు తెలిసిందా? మీ దగ్గర నేర్చుకున్న పని శుభ్రంగానే చేశాను.

పారాయణం ఆ ఆంప్లిఫయర్‌లోంచే వినిపించారు, మూడు రోజులూ దాని వెనకాల ఆ మూలుగు వినపడుతూనే ఉంది. మీరు చిరాకుపడి కండెన్సర్ పోయిందన్నారు. కండెన్సర్ బాగానే ఉంది నాన్నా. మీరు దాన్ని అటక మీద పడేసిన రోజే, స్తంభానికి ఆనుకుని కారుతున్న కరెంటు వైరు నేను తప్పించేశాను. మూడో రోజు మీరు నా భుజం మీద తల పెట్టి "ఇన్షిరాహ్‌కి ఒక్కనాడు తలనొప్పి కూడా లేదే, ఏమైందే తనకి" అని ఏడ్చారు. అప్పుడు చెప్పాలని నోరు తెరిచాను. చెబితే ఆ వారంలోనే మీరూ వెళ్లిపోతారనిపించింది. ఒకరిని పోగొట్టుకున్నాను, ఇంకొకరిని పోగొట్టుకునే ధైర్యం లేకపోయింది. ఆ బల్ల దగ్గర కూర్చుంటే మీ చేతులు టేపు చింపటం చూడాలి. అందుకే లేచి వెళ్లిపోయాను. మీకు పదిహేనేళ్లు తెలియనిది ఇదే.

నాకు మీమీద కోపం ఉంది. టేపు వేసినందుకు కాదు, అప్పట్లో అందరూ వేసేవాళ్లు. అమ్మ చెప్పినప్పుడు తల ఎత్తనందుకు, ఆ రోజు నేను పక్కన నా బల్ల దగ్గరే ఉన్నాను. డిష్ వైరు నన్ను కొరికిన రోజు సలోన్ నేల మీదే కూర్చుండిపోయాను. సాయంత్రం మీకు రాసేటప్పుడు అమ్మ మాటే రాశాను, కావాలనే. ఈసారైనా తల ఎత్తుతారేమో చూద్దామని. మీ జవాబొచ్చింది. టేపు వెయ్యి, మూడు చుట్లు. మీ కూతురికి కూడా, ఇన్నేళ్ల తర్వాత, చీమే కుట్టిందన్నట్టు. ఆ ఉత్తరం చింపి పొయ్యిలో పెట్టాను, ఇరవై రోజులు కలం ముట్టలేదు. రావద్దని ఎందుకన్నానో కూడా చెబుతాను. మీ మొహం ఎదురుగా ఉంటే నేను మళ్లీ అబద్ధమే చెప్పేదాన్ని.

ఇక్కడి సంగతి చింత పెట్టుకోకండి. మీ జవాబు వచ్చేలోపే అమ్ ఇద్రీస్‌ని తీసుకుని మేడెక్కాను. పావురాల గూడు పెట్టుకున్నాయన బల్బు కోసం వైరు లాగి, డిష్ స్తంభానికే చుట్టేశాడు. పై తొడుగు ఎండకి పగిలిపోయి రాగి బయటికొచ్చింది. సముద్రపు తేమకి కరెంటు స్తంభంలోకి కారుతూనే ఉంది. విప్పించి, గొట్టంలోంచి కొత్త వైరు వేయించాను, డిష్‌కి ఎర్తు నేనే కట్టాను. ఆయన "ఆడమనిషివి, నీకేం తెలుసు" అని మొదలుపెడితే, పరీక్ష దీపం స్తంభానికి ఆనించి వెలిగించి చూపించాను. పావురాల మీద ఒట్టేసి ఏడ్చాడు. మదామ్ ఫిర్యాల్ నెల రోజులుగా టీవీ పెట్టాలంటే చేతికి తువ్వాలు చుట్టుకుంటోందట. మోచేతి వాతం అనుకుందట. "మందులు కూడా మింగానే!" అని నన్ను పట్టుకుని వదల్లేదు. పదిహేనో తారీఖున చీపురు గాలివాన వచ్చింది, రెండు రోజులు కుండపోత. ఎవరినీ ఏదీ కొరకలేదు. నల్ల పెట్టె కూడా ఇప్పుడు పాట ఉన్నప్పుడే పలుకుతోంది. టేపు లేకుండానే.

మీ ఒక్కరి కోసమే అయితే ఈ మాట నాతోపాటు మట్టిలోకే పోయేది. మీరు అడిగిన ఒక్క మాటా రాసేసి మిమ్మల్ని సుఖంగా నిద్రపోనిచ్చేదాన్ని. కానీ మూడు వందల ఇళ్లని మీరే రాశారు. ఎవరికీ ఏమీ కాలేదుగా అని కూడా మీరే రాశారు. మన ఇంట్లో అయింది నాన్నా. ఆ ఇళ్లలో కూడా ఎవరో ఒకావిడ తడి బట్టల గంపతో మేడెక్కుతుంది. తీగ కొరుకుతోందని కిందికొచ్చి ఎవరికో చెబుతుంది. ఆ ఇంటాయన తల ఎత్తుతాడో లేదో మనకి తెలియదు.

ఈ కవర్లో చిన్న కాగితం పొట్లం ఉంది. అందులో ఉన్నది ఆ టేపే. పదిహేనేళ్లుగా నా పెళ్లిపెట్టెలో ఉంది. జిగురు ఎండిపోయి గట్టిపడింది, అయినా మూడు చుట్లూ లెక్కపెట్టొచ్చు. దాన్ని పారెయ్యకండి. తలుపులు కొట్టినప్పుడు ఏమని చెప్పాలో తెలియదన్నారుగా, అది చూపించండి.

వగీహ్‌కి మొన్న అంతా చెప్పాను. లేచి వెళ్లి నల్ల పెట్టె ప్లగ్గు తీసి, రాగి రేకులు వేలితో తడిమి చూసి, మళ్లీ పెట్టాడు. ఆదివారం బస్సుకి టిక్కెట్టు అతనే తెచ్చాడు, ఒకటి, నాకు. ఎన్ని వారాలైనా ఉండమన్నాడు.

వస్తున్నాను. పరీక్ష దీపం, స్పిరిట్ సీసా నేను తెస్తాను. నా బల్ల దుమ్ము దులిపి ఉంచండి, కుర్చీ కాలు వదులుగా ఉండేది, ఇంకా అలాగే ఉంటే బిగించండి. సోమవారం పొద్దున అరబ్ వీధి మొదటి ఇంటి నుంచి మొదలుపెడదాం. తలుపు మీరు కొట్టండి. లోపలివాళ్లు ఏమంటారో నేను వింటాను.

మీ
సౌసన్